ఏసీ లేని ఇంటికి ఏసీ అంత బిల్లు: రెండు ఫ్లాట్ల న్యూట్రల్ కలిసిపోయిన కేసు

అద్దె ఇంట్లో కరెంటు బిల్లు ఉన్నట్టుండి పెరిగితే మన ఎలక్ట్రీషియన్లు మొదట చేసే పరీక్ష ఒకటుంది. ఇంట్లో మెయిన్ ఆపేసి, కిందికెళ్లి మీటరు చూస్తారు. మీటరు ఆగిపోతే ‘లీకేజీ ఏం లేదు, మీరే వాడుతున్నారు’ అని తేల్చేస్తారు. ఈ కేసులో ఆ పరీక్ష రెండుసార్లు జరిగింది, రెండుసార్లూ మీటరు ఆగింది. అయినా ఆ ఇంటి బిల్లులో సగానికి పైగా యూనిట్లు ఆ ఇంటివి కావు. ఆ పరీక్ష ఏం చెబుతుందో, ఏం చెప్పలేదో వివరంగా రాయడానికే ఈ కేసు. ఊరు తప్ప, మనుషులను గుర్తుపట్టే వివరాలేవీ ఇందులో ఉండవు.

నేపథ్యం

హైదరాబాద్‌లో ఐదంతస్తుల అపార్ట్‌మెంట్, కట్టి పదిహేనేళ్లు దాటింది. నాలుగో అంతస్తులో రెండు పడగ్గదుల ఫ్లాటు. దీన్ని ‘ఎ’ అందాం. మధ్యలో ఒకే గోడ ఉన్న పక్క ఫ్లాటు ‘బి’. మీటర్లన్నీ సెల్లార్‌లో ఒకే ప్యానెల్ మీద ఉన్నాయి. రెండు ఫ్లాట్లకూ సింగిల్ ఫేజే, అదీ ఒకే ఫేజు నుంచి. మీటరు నుంచి పైకి 6 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగలు (కరెంటు తెచ్చే ఫేజు, తిరిగి తీసుకెళ్లే న్యూట్రల్), సుమారు 30 మీటర్ల దూరం.

‘ఎ’లో మార్చిలో ఒక జంట అద్దెకు దిగింది. ఇద్దరూ ఉద్యోగస్తులే. ఉదయం తొమ్మిదిన్నరకు వెళ్తే మళ్లీ సాయంత్రం ఏడుకే ఇల్లు తెరిచేది. ఏసీ లేదు. ఒక ఫ్రిజ్, ఫ్యాన్లు, చిన్న కూలర్, వాషింగ్ మెషీన్, టీవీ, అప్పుడప్పుడు ఇండక్షన్ స్టవ్. ‘బి’లో పెద్దవాళ్లున్న కుటుంబం. వాళ్లకు ఏసీ ఉంది, వేసవిలో మధ్యాహ్నం పూటా, రాత్రంతా నడుస్తుంది.

వచ్చిన సమస్య

మార్చి బిల్లు 212 యూనిట్లు, ఏప్రిల్ 318, మే 386. ఎండతోపాటే పెరగడంతో మొదట ఎవరికీ అనుమానం రాలేదు. కూలర్ పెట్టారు కదా, వేసవి కదా అనుకున్నారు. బిల్లు పెద్దదిగా వచ్చిన ప్రతి ఇంట్లోనూ ముందు వినపడే మాట ఇదే. సగం కేసుల్లో నిజం కూడా.

యూనిట్లకంటే రూపాయలు ఎక్కువ భయపెట్టాయి. కారణం స్లాబులు. తెలంగాణలో 2022 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చిన గృహ వినియోగ రేట్ల ప్రకారం, నెలకు 101 నుంచి 200 యూనిట్ల లోపు వాడేవారికి మొదటి 100 యూనిట్లు రూ.3.40 చొప్పున, మిగతావి రూ.4.80 చొప్పున పడతాయి. 200 దాటిన క్షణం ఈ లెక్కే పోతుంది. మొదటి 200 యూనిట్లకూ రూ.5.10, ఆపై వందకు రూ.7.70, ఇంకో వందకు రూ.9. అంటే 200 యూనిట్లకు ఎనర్జీ ఛార్జీ రూ.820 అయితే, 201 యూనిట్లకు రూ.1,027.70. 386 యూనిట్లకు రూ.2,564. ఈ ఇంటి అసలు వాడకం, తర్వాత తేలినట్టు, నెలకు 165 యూనిట్లు. దానికి పడాల్సింది రూ.652. యూనిట్లు రెండింతలకు కాస్త ఎక్కువే పెరిగాయి, డబ్బు మాత్రం నాలుగింతలు దగ్గరకొచ్చింది.

ముందు చేసి చూసినవి, అవి ఎందుకు తేల్చలేకపోయాయి

అద్దెకున్నవాళ్లు మొదట వాడకం తగ్గించారు. కూలర్ మానేశారు. ఫ్రిజ్ డోరు రబ్బరు మార్పించారు. రోజు రీడింగు దాదాపు కదల్లేదు. ఇది చాలా విలువైన ఆధారం, కానీ అప్పుడు ఎవరూ దాన్ని అలా చూడలేదు. మనం తగ్గించినా రీడింగు తగ్గట్లేదంటే, ఆ రీడింగులో పెద్ద భాగం మన చేతిలో లేని లోడుదని అర్థం.

ఓనరు పంపిన ఎలక్ట్రీషియన్ మెయిన్ ఆపి చూశాడు. మీటరు మీద మిణుకుమనే ఎర్ర లైటు ఆగింది. ‘వైరింగు బాగుంది’ అన్నాడు. ఈ పరీక్ష వల్ల ఒక మేలైతే జరిగింది: ఈ ఇంటికి ఈ మీటరే కనెక్ట్ అయి ఉందని తేలింది. ప్యానెల్‌లో మీటర్లు తారుమారై, ఒకరి బిల్లు ఇంకొకరు కట్టే కేసులు పాత అపార్ట్‌మెంట్లలో తరచూ దొరుకుతాయి. అది కాదని రూఢి అయింది. వాటర్ మోటారు, లిఫ్టు, కారిడార్ లైట్లు ఈ మీటరు మీద పడ్డాయేమో కూడా చూశారు. వాటికి వేరే మీటరుంది.

తర్వాత డిస్కమ్‌కు (విద్యుత్ పంపిణీ సంస్థకు) మీటరు పరీక్షకు దరఖాస్తు పెట్టారు. సిబ్బంది వచ్చి, ఇంటి వైపు తీగలు విప్పి, తమ లోడు పెట్టి చూశారు. మీటరు సరిగ్గానే తిరుగుతోందని రాసిచ్చారు. అదీ నిజమే. ఇంటి తీగలు విప్పాక అసలు తప్పు ఆ పరీక్షకు అందకుండా పోయింది.

ఇక్కడ ఒక మాట. బిల్లు వాడకానికి తగ్గట్టు లేదని వినియోగదారుడు ఫిర్యాదు చేస్తే ఐదు రోజుల్లో అదనపు మీటరు పెట్టి, కనీసం మూడు నెలలు పోల్చి చూడాలని విద్యుత్ వినియోగదారుల హక్కుల నియమాలకు 2024లో చేసిన సవరణ చెబుతోంది. మీటరు మీద అనుమానం ఉన్నప్పుడు వాడుకోవాల్సిన హక్కు. అయితే ఇలాంటి కేసులో అదనపు మీటరు కూడా అదే అంకె చూపిస్తుంది. ఎందుకో కింద వస్తుంది.

రీడింగు పుస్తకం

కేసు చేతికొచ్చాక డీబీ (ఇంట్లో మెయిన్, విడి స్విచ్చులు ఉండే డిస్ట్రిబ్యూషన్ బోర్డు) తెరవడానికి ముందు రెండు పనులు చేయించాం.

మొదటిది, ఇంట్లో వస్తువుల లెక్క. ప్లగ్గుకు పెట్టే చిన్న ఎనర్జీ మీటరుతో ఫ్రిజ్‌ను ఒక పూర్తి రోజు కొలిస్తే 1.2 యూనిట్లు. ఫ్యాన్లు 1.7, కూలర్ 0.6, వంటింటి వస్తువులు 0.6, లైట్లు 0.4, రౌటర్, ల్యాప్‌టాప్‌లు 0.4, టీవీ 0.3, వాషింగ్ మెషీన్ సగటున 0.3. మొత్తం రోజుకు 5.5. మీటరు చూపిస్తున్నది 12.9. తేడా 7.4 యూనిట్లు. ఇంత తేడాను ‘ఫోన్ ఛార్జర్ తీయట్లేదు’, ‘టీవీ స్టాండ్‌బై’ లాంటివి పూడ్చలేవు.

రెండోది, రోజుకు నాలుగుసార్లు మీటరు ఫోటో. ఉదయం 7, వెళ్లేటప్పుడు 9:30, రాగానే సాయంత్రం 7, పడుకునే ముందు 10:30. తెరమీద అంకెలు మారుతుంటాయి కాబట్టి కేడబ్ల్యూహెచ్ (అంటే యూనిట్లు) అని వచ్చినప్పుడే ఫోటో తీయాలి. కేవీఏహెచ్ అంకెను పొరపాటున రాసుకుంటే లెక్కంతా తప్పుతుంది.

ఈ పట్టిక కేసును మలుపు తిప్పింది. ఉదయం, సాయంత్రం ఇంట్లో మనుషులు తిరిగే వేళల్లో మీటరు మన అంచనాకు దగ్గరగానే ఉంది. రాత్రి 10:30 నుంచి ఉదయం 7 వరకు రెండు ఫ్యాన్లు, ఫ్రిజ్, రౌటర్ కలిసి 1.8 యూనిట్లు కావాలి. 6.6 వచ్చింది. పగలు తాళం వేసి ఉన్నప్పుడు ఫ్రిజ్, రౌటరే నడుస్తాయి, 0.6 కావాలి. 2.9 వచ్చింది.

ఎర్త్ లీకేజీ (కరెంటు భూమిలోకి కారడం) అయితే రోజంతా ఒకే తీరున తినాలి, లేదా ఫలానా వస్తువు వేసినప్పుడే తినాలి. ఇది అలా లేదు. రాత్రంతా, మళ్లీ మధ్యాహ్నం. ఏసీ నడిచే తీరు ఇది. ఏసీ లేని ఇంట్లో ఏసీ గడియారం కనిపిస్తోందంటే, ఎవరి ఏసీయో ఈ మీటరుతో ముడిపడి ఉంది. కానీ మెయిన్ ఆపితే ఆగిపోతోంది. ఈ రెండూ ఒకేసారి నిజం కావాలంటే ముడి మెయిన్‌కు ఇవతల, ఇంటి లోపలే ఉండాలి.

పాత బిల్లులు కూడా ఇదే చెప్పాయి. బిల్లు మీద ఉండే యూఎస్‌సీ (కనెక్షన్) నంబరుతో వెనక నెలలు తీస్తే, జనవరి, ఫిబ్రవరిల్లో ఫ్లాటు ఖాళీగా ఉన్నప్పుడు 48, 52 యూనిట్లు పడ్డాయి. పాతవాళ్లు ఏదో లైటు వదిలేసి వెళ్లుంటారని ఓనరు అనుకున్నారట. ఖాళీ ఇంటి మీటరు తిరిగితే దాన్ని అలా వదిలేయకూడదు. కారణం కనుక్కోవడానికి అంతకంటే తేలికైన నెల మళ్లీ దొరకదు.

అసలు పరీక్ష

మెయిన్ ఆన్‌లోనే ఉంచి, డీబీలోని విడి ఎంసీబీలన్నీ (ఒక్కో లైనుకు ఉండే చిన్న స్విచ్చులు) ఆపాం. ఈ రెంటికీ తేడా ఇక్కడే ఉంది. మెయిన్‌గా ఉన్నది డబుల్ పోల్ ఐసోలేటర్. అది ఆపితే ఫేజూ, న్యూట్రలూ రెండూ తెగుతాయి. విడి ఎంసీబీలు సింగిల్ పోల్‌వి. అవి ఫేజును మాత్రమే తెంచుతాయి, న్యూట్రల్ తీగలన్నీ న్యూట్రల్ బార్ మీద అలాగే కలిసి ఉంటాయి. కాబట్టి ఎంసీబీలన్నీ ఆపాక కూడా మీటరు తిరిగితే, అది ఫేజు వైపు నుంచి వచ్చే వాడకం కాదు.

మధ్యాహ్నం రెండు గంటలకు, ‘బి’లో ఏసీ నడుస్తుండగా ఇది చేశాం. ‘ఎ’లో ఒక్క బల్బు కూడా వెలగట్లేదు. సెల్లార్‌లో ‘ఎ’ మీటరు లైటు 1.8 సెకన్లకోసారి మిణుకుతోంది. ఆ మీటరు మీద ఒక కేడబ్ల్యూహెచ్‌కు 3200 మిణుకులని ముద్రించి ఉంది. అలాంటి మీటరుకు 1125ను రెండు మిణుకుల మధ్య సెకన్లతో భాగిస్తే ఆ క్షణపు లోడు వాట్లలో వస్తుంది. 1600 అని ఉంటే 2250ని భాగించాలి. ఇక్కడ వచ్చింది సుమారు 625 వాట్లు. పక్కనే ఈ.ఎల్. అని రాసిన ఎర్ర లైటు కూడా వెలుగుతోంది. ఫేజులో, న్యూట్రల్‌లో కరెంటు సమానంగా లేదని మీటరు చెప్పే గుర్తు అది.

డీబీలో, తీగలో పోయే కరెంటును కొలిచే క్లాంప్ మీటరు పెట్టాం. తీగ విప్పనక్కర్లేదు, చుట్టూ పట్టిస్తే చాలు. ఫేజులో సున్నా. న్యూట్రల్‌లో 3.1 ఆంపియర్లు. ‘బి’ వాళ్లను అడిగి వాళ్ల డీబీలోనూ కొలిస్తే ఫేజులో 6.7, న్యూట్రల్‌లో 3.6. వాళ్ల ఏసీ తీసుకున్న 6.7 ఆంపియర్లు తిరిగి వెళ్లేటప్పుడు రెండుగా చీలి, 3.1 ‘ఎ’ న్యూట్రల్ మీదుగా దిగుతున్నాయి. లెక్క పైసా తేడా లేకుండా సరిపోయింది.

న్యూట్రల్‌లో కరెంటు పోతే మీటరు ఎందుకు తిరగాలి? మన దగ్గర బిగించే ఎలక్ట్రానిక్ మీటర్లు ఫేజునూ, న్యూట్రల్‌నూ విడివిడిగా కొలుస్తాయి. రెంటిలో ఏది ఎక్కువైతే దాన్నే యూనిట్లకు తీసుకుంటాయి. న్యూట్రల్ తప్పించి ఎర్త్ మీద లోడు నడిపే దొంగతనాన్ని పట్టడానికి చేసిన ఏర్పాటు ఇది, న్యాయమైనదే. అయితే పక్కింటి కరెంటు మన న్యూట్రల్‌లోకి వస్తే, అదే ఏర్పాటు మనకు బిల్లు వేస్తుంది. పాత చక్రం మీటరైతే ఈ తేడా బయటపడేది కాదు. అదనపు మీటరు పెట్టినా అదే అంకె వస్తుందన్నది ఇందుకే. దానిలో నుంచి పోయేదీ అదే కరెంటు.

సాధారణ నియాన్ టెస్టరు ఇక్కడ పనికిరాదు. కరెంటు పారుతున్న న్యూట్రల్ మీద కూడా అది వెలగదు. ‘న్యూట్రలే కదా సార్, దాంట్లో ఏముంటుంది’ అనే మాట వెనక ఉన్నది ఆ టెస్టరే.

ముడి ఎక్కడ పడింది

రెండు ఫ్లాట్లూ ఒకప్పుడు ఒకే కుటుంబానివి. డీబీలు ఒకే గోడకు అటూ ఇటూ ఉన్నాయి. అప్పట్లో ఒక ఇన్వర్టరుతో రెండు ఇళ్ల లైట్లు, ఫ్యాన్లు నడిపారు. అందుకోసం గోడలోంచి ఒక ఫేజు తీగ, ఒక 2.5 చదరపు మిల్లీమీటర్ల నల్ల తీగ (న్యూట్రల్) వేశారు. తర్వాత ‘బి’ అమ్మేశారు. ఇన్వర్టరు తీసేసినప్పుడు ఫేజు తీగను కత్తిరించి టేపు చుట్టారు. రెండు ఇళ్ల న్యూట్రల్ బార్లనూ కలుపుతున్న నల్ల తీగను వదిలేశారు.

తీగ రెండు మీటర్లే కావడం వల్ల చీలిక సగానికి దగ్గరగా వచ్చింది. ‘బి’ సొంత న్యూట్రల్ నిరోధం సుమారు 0.09 ఓములు, ‘ఎ’ దారి మీదుగా 0.105. అందుకే 46 శాతం ఇటు వచ్చింది. ఇదే ముడి ఏ కారిడార్ జంక్షన్ బాక్సులోనో సన్నని లైటు తీగల మధ్య పడి ఉంటే ఆరో వంతో, ఇంకా తక్కువో వచ్చేది. బిల్లు 30, 40 యూనిట్లు పెరిగేది, ఎవరూ పట్టించుకునేవారు కారు. అలాంటివి ఎన్ని అపార్ట్‌మెంట్లలో సాగుతున్నాయో అన్నది నన్ను నిజంగా కలవరపెట్టే విషయం.

ఇంకో ఆధారం డీబీలోనే ఉంది. మూత మీద ఆర్‌సీసీబీ (షాకు నుంచి కాపాడే స్విచ్చు) అని గుర్తు, లోపల మాత్రం ఐసోలేటర్. ఇన్వర్టరు పెట్టినప్పటి నుంచి అది ఊరికే ట్రిప్ అవుతోందని తీయించేశామని ఓనరు చెప్పారు. ఫేజుకూ న్యూట్రల్‌కూ మధ్య 30 మిల్లీ ఆంపియర్ల తేడా వస్తే పడిపోవడమే దాని పని. ఇక్కడ తేడా 3 ఆంపియర్లు. అది చెడిపోలేదు, తప్పును మొదటి రోజే చూపించింది. దాన్ని తీసేసినందుకు డబ్బుతోపాటు షాకు నుంచి ఉన్న రక్షణ కూడా పోయింది.

సరిచేసిన తీరు

నల్ల తీగను నేరుగా లాగేయకూడదు. ‘బి’ సొంత న్యూట్రల్ ఎక్కడైనా వదులై ఉంటే, ఇన్నాళ్లూ వాళ్ల ఇల్లు ఈ తీగ ఆసరాతోనే నడుస్తుండవచ్చు. అది తీసిన క్షణంలో వాళ్ల న్యూట్రల్ బార్ మొత్తం 230 వోల్టులకు లేస్తుంది. విప్పుతున్న చేతిలోని తీగ చివర కూడా అంతే ప్రమాదం. అందుకే ముందు ‘బి’ న్యూట్రల్‌లో 3.6 ఆంపియర్లు పోతున్నట్టు నిర్ధారించుకున్నాం, అంటే ఆ దారి తెగలేదు. తర్వాత రెండు ఇళ్ల మెయిన్లూ ఆపి, తాళం వేసి, రెండు వైపులా న్యూట్రల్ స్క్రూలు బిగించాం. ‘బి’లో ఒకటి నిజంగానే వదులుగా ఉంది. ఆ పైన నల్ల తీగను రెండు బార్ల నుంచీ విప్పి, పైపులోంచి పూర్తిగా బయటికి లాగేశాం. టేపు చుట్టి వదిలేస్తే పదేళ్ల తర్వాత ఇంకో ఎలక్ట్రీషియన్ దాన్ని మళ్లీ ఎక్కడో కలుపుతాడు.

‘ఎ’లో ఐసోలేటర్ స్థానంలో 40 ఆంపియర్ల, 30 మిల్లీ ఆంపియర్ల డబుల్ పోల్ ఆర్‌సీసీబీ పెట్టి, టెస్ట్ బటన్ నొక్కి చూశాం. ఒక్కో ఎంసీబీ వేస్తూ వెళ్తే నిలబడింది. ‘బి’ నడుస్తుండగా మళ్లీ ఎంసీబీలన్నీ ఆపి చూస్తే మీటరు లైటు కదల్లేదు, ఈ.ఎల్. లైటు ఆరిపోయింది. అంతకు ముందు రోజు రీడింగు 12.7, తర్వాతి రోజు 5.6. వాతావరణం చల్లబడిందని చెప్పడానికి వీల్లేకుండా పక్కపక్క రోజులనే పోల్చాం.

డబ్బు సంగతి

‘బి’ వాళ్ల మీద అనుమానం రావడం సహజం. ఒక దశలో ‘కరెంటు దొంగతనం’ అనే మాట కూడా వచ్చింది. లెక్క చూస్తే వాళ్లు రూపాయి లాభపడలేదు. వాళ్ల ఫేజులో 6.7 పోతోంది కాబట్టి వాళ్ల మీటరు ఆ 6.7కే బిల్లు వేసింది. పైగా ‘ఎ’లో పెద్ద లోడు నడిచి, ‘బి’లో ఏమీ నడవనప్పుడు వాళ్ల మీటరు కూడా ఊరికే తిరిగింది. ఈ మాట కాగితం మీద వేసి చూపించాకే వాళ్లు తమ డీబీ తెరవనిచ్చారు. ఇలాంటి కేసులో పక్కింటివాళ్ల సహకారం లేకుండా పని పూర్తి కాదు. కాబట్టి ఆరోపణతో కాకుండా కొలతతో వెళ్లాలి.

మీటరు సరిగ్గా ఉంది, తప్పు వినియోగదారుడి వైపు వైరింగులో ఉంది కాబట్టి డిస్కమ్ నుంచి వాపసు ఆశించలేదు. వైరింగు ఓనరుది. మూడు నెలల తేడాను అద్దెలో సర్దడానికి ఆయన ఒప్పుకున్నారు. ఇక్కడ లెక్క వేసే పద్ధతి ముఖ్యం. మే బిల్లులో అదనపు యూనిట్లు 221, అంటే 57 శాతం. బిల్లును 57 శాతంతో గుణిస్తే అద్దెకున్నవాళ్లు నష్టపోతారు. అదనపు యూనిట్లే వాళ్లను పై స్లాబులోకి నెట్టాయి. కాబట్టి 386 యూనిట్ల ఛార్జీలోంచి 165 యూనిట్ల ఛార్జీ తీసేయాలి. రూ.2,564లోంచి రూ.652 తీస్తే రూ.1,912, అంటే దాదాపు 75 శాతం. గృహజ్యోతి కింద 200 యూనిట్ల లోపు సున్నా బిల్లుకు అర్హత ఉన్న కుటుంబమైతే నష్టం ఇంకా పెద్దది, పథకమే చేజారుతుంది.

ఇల్లు మారేటప్పుడు చేయాల్సినది

తాళాలు తీసుకునే రోజే, సామాను దిగకముందు, ఓనరు ఎదుటే రెండు పరీక్షలూ చేయండి. మెయిన్ ఆపి ఒకసారి, మెయిన్ వేసి విడి ఎంసీబీలు మాత్రమే ఆపి ఇంకోసారి. రెండోది రాత్రి తొమ్మిది తర్వాత, పక్కిళ్లలో ఏసీలు, గీజర్లు నడిచే వేళ చేస్తే మంచిది. పగలు పక్కిల్లు తాళం వేసి ఉంటే తప్పు కనపడదు. రెండు సందర్భాల్లోనూ అయిదు నిమిషాలు మీటరు లైటును వీడియో తీయండి. ఈ.ఎల్. లైటు ఉంటే అది కూడా అందులో పడాలి. మీటరు నంబరు, కేడబ్ల్యూహెచ్ రీడింగు ఫోటో తీసి ఓనరుకు పంపండి, అద్దె ఒప్పందంలో రీడింగు రాయించండి. డీబీలో ఆర్‌సీసీబీ లేకపోతే అడిగి పెట్టించుకోండి. ఉండీ పడిపోతుంటే దాన్ని తీయనివ్వకండి, ఎందుకు పడుతోందో కనుక్కోమనండి. డీబీ లోపల తీగలు ముట్టుకునే పని మాత్రం లైసెన్సున్న మనిషికే వదలండి, అతని దగ్గర క్లాంప్ మీటరు ఉందో లేదో ముందే అడగండి.